రెండు కుండల చేపపిల్లలతో కోస్గి దాకా

దసరా సెలవుల్లో మోత్కూర్ నుంచి కోస్గి దాకా చెరువుల వెంట సైకిల్ మీద వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా బడిలో తోటి పంతుళ్లు అడుగుతున్నది ఒకటే, ఏ చెరువు బాగుందని. ఈ యేడు వానలు దండిగా పడ్డాయి. నల్లగొండ జిల్లాలోనూ పాలమూరు జిల్లాలోనూ చెరువులన్నీ నిండి మత్తళ్లు దూకుతున్నాయి. కట్టల మీద తంగేడు విరగబూసింది. దారి కూడా చాలా చోట్ల కట్టల మీదుగానే పోతుంది కాబట్టి ఒక పక్క నీళ్లు, ఒక పక్క పచ్చటి వరి. ఇదంతా నేను చూడలేదని కాదు. కాని నా మెడ ఎక్కువసేపు వెనక్కే తిరిగి ఉంది. సైకిల్ క్యారియర్‌కు రెండు వైపులా ఉట్లలో రెండు మట్టికుండలు వేలాడుతున్నాయి, వాటి నిండా వేలెడు పొడవు లేని చేపపిల్లలు ఉన్నాయి.

మాది చేపలు పట్టే ఇల్లు. మూసీ వరద తీసిన తరువాత ఒడ్డు గుంటల్లో మిగిలిన బొచ్చె పిల్లల్ని పాత చీరతో దేవి, ఎండి మళ్లీ నిండిన చెరువులకు మోసుకుపోవడం మా నాయిన పని. కావడి భుజాన వేసుకుని ఎక్కడెక్కడికో నడిచేవాడు. ఈసారి ఆయన మోకాలు లేవనివ్వలేదు. మా అక్క లచ్చమ్మను ఇచ్చింది కోస్గి దగ్గరి ఒక ఊరికి. అక్కడి చెరువు రెండేళ్లు వరుసగా ఎండిపోయి, పిల్లాపీచుతో సహా వాళ్లు నాగార్జునసాగర్ కట్ట పనికి మట్టి మోయడానికి పోయారు. ఈ యేడు చెరువు నిండింది, చేప విత్తనం మాత్రం లేదు. చలికాలం ముదరకముందే పిల్లలు పడకపోతే మళ్లీ సాగర్‌కే పోవాలని బావ కబురు పంపాడు.

"ఇంక నువ్వే పోవాలె," అన్నాడు నాయిన.

నేను బడికి తాళం వేశానో లేదో అని సగం దారి నుంచి తిరిగి వచ్చి చూసుకునే మనిషిని. ఊళ్లో అందరికీ తెలుసు, నాయినకు అందరికన్నా ఎక్కువ తెలుసు. అయినా ఇంకో కొడుకు లేడు.

మోత్కూర్ దాటే ముందు

బస్సులో ఎందుకు పోలేదని మీరు అడగవచ్చు. నీళ్ల కుండలు చూస్తే కండక్టర్లు ఎక్కించుకోరు. ఎక్కించుకున్నా చెరువు కనిపించిన చోటల్లా బస్సు ఆగదు.

నాయిన మంచం మీద కూర్చునే కుండల చుట్టూ వరిగడ్డి చుట్టించి, మూతులకు పలుచటి గుడ్డ కట్టించాడు. "కుండ కదులుతుండాలె కొడుకా. నీళ్లు కదలకుంటే నీళ్లే సచ్చిపోతయ్, ఇంక పిల్లలేం బతుకుతయ్. తొవ్వ ఎత్తేస్తుంటే అయే కదులుతయ్. ఎండపూట ఆగినవనుకో, చెయ్యి పెట్టి కలుపుతనే ఉండు. రాత్రి సల్లగుంటది, నడుమల రెండు మాట్ల లేస్తే సాలు."

"కొత్త చెరువు నీళ్లు మార్చేటప్పుడు?"

"ఒక్కపారి పొయ్యకు. ఒక్కదాన్ని చెంబుల ఏసి సూడు. చుట్ట కాలేంత సేపు."

నేను చుట్ట తాగనని ఆయనకు గుర్తుచేశాను. నాయిన కాసేపు ఆలోచించాడు. "చిన్నప్పుడు నువ్వు ఎక్కాలు సదివేటోనివి గద. నువ్వు పదమూడో ఎక్కం అప్పజెప్పేసరికి నా చుట్ట అయిపోయేది. గదే సదువు."

అలా నేను ఏడు రోజుల పాటు చెరువు ఒడ్డుల మీద గొంతుక్కూర్చుని, చెంబులోకి చూస్తూ, రెండో ఎక్కం నుంచి పదమూడో ఎక్కం దాకా పైకే చదువుతూ పోయాను. దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోదలుచుకోలేదు.

కట్టంగూర్

మోత్కూర్ వదిలిన మొదటి రోజు సగం భయం కుండలు పగులుతాయేమోనని, సగం భయం పగలకుండానే లోపల అన్నీ చచ్చాయేమోనని. మైలుకోసారి దిగి గుడ్డ విప్పి చూశాను. అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. మళ్లీ కట్టేసి ఎక్కేసరికి, ముడి గట్టిగా వేసి గాలి ఆపేశానేమో అని కొత్త అనుమానం.

కట్టంగూర్‌లో పెద్దరోడ్డు పక్కన హోటల్ ముందు ఆగాను. లారీల రొద. ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చెయ్యి కుండలో. నయా పైసలు వచ్చి కొన్నేళ్లయినా ఆ హోటలాయన ఇంకా అణాల్లోనే ఆలోచిస్తాడు. చాయ్ అణా అన్నాడు. ఆరు పైసలు ఇచ్చాను. ఆయన వాటిని అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుని గల్లాలో వేశాడు. తరువాత నా కుండలోకి తొంగిచూసి, "గిన్ని సిన్నయి పులుసుకు గూడ పనికిరావు గద, ఎవలు కొంటరు?" అన్నాడు.

అమ్మేవి కావు, పెంచడానికి అన్నాను. కోస్గి దాకా అని చెప్పగానే పక్క బెంచీ మీది ఇద్దరు లారీవాళ్లు నావైపు చూసి, మళ్లీ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల చూపు నాకు రాత్రంతా గుర్తుంది.

నల్లగొండ దాటిన తరువాత

పానగల్లు కట్ట మీద పోతుంటే గాలికి సైకిల్ పక్కకు తోసుకుపోయింది. అంత నీళ్లు ఒకేచోట చూసి మా అక్క ఊరి చెరువు కూడా ఇలాగే ఉంటుందా అనుకున్నాను, ఆ వెంటనే అంత నీళ్లలో నా రెండు కుండలు ఏ మూలకు అని బెంగపడ్డాను.

నల్లగొండ పట్నం దాటి కొన్ని మైళ్లు పోయాక ఒక చిన్న చెరువు దగ్గర నీళ్లు మార్చడానికి దిగాను. ఏడో ఎక్కంలో ఉండగా వెనక నుంచి ఎవరో నా చొక్కా కాలర్ పట్టుకున్నారు. ఆ చెరువు నీరటి. తూము తెరవడం, మూయడం, నీళ్లు పంచడం ఆయన చేతిలోనే ఉంటుంది. మాకు కూడా నీరటి ఉన్నాడు కాని, మావాడు మధ్యాహ్నం పూట కట్ట మీదికి రాడు. ఈయన వచ్చాడు.

"ఎవని చెరువులకెళ్లి పట్టినవ్ గివి?"

మూసీవి అన్నాను. పంతులునని కూడా అన్నాను. ఆ రెండో మాట చెప్పకుండా ఉండాల్సింది. పంతులు కుండలో చేపలెందుకని ఆయనకు అనుమానం ముదిరింది. ఎండ నెత్తి మీద ఉంది, కుండలు ఒడ్డున కదలకుండా నిలబడి ఉన్నాయి. నన్ను పట్టేల్ దగ్గరికి తీసుకుపోతే ఎంతసేపవుతుంది, అంతసేపూ వాటిని ఎవరు కలుపుతారు అన్నదే నా ఆలోచన. కాలర్ ఆయన చేతిలో ఉండగానే వంగి ఒక కుండలో చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టాను.

ఆయన అది చూశాడు. కాలర్ వదిలి, కుండలోంచి దోసెడు నీళ్లు తీసుకుని, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మాడు.

"మన నీళ్లు గావు," అన్నాడు. మళ్లీ ఇంకొంచెం నాలుక మీద వేసుకున్నాడు. "కట్టంగూర్ దిక్కు నీళ్లు గలిసినయ్."

నిన్న సాయంత్రం నేను నీళ్లు మార్చింది కట్టంగూర్ బయటి కుంటలోనే. నీళ్లను రుచి చూసి ఊరు చెప్పే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ తరువాత ఆయనే నా పక్కన కూర్చుని ముందున్న దారంతా చెప్పాడు. ఏ చెరువు నీళ్లు మంచివి, ఏది ఉప్పు తగులుతుంది, దేవరకొండ దారిలో ఎడమ పక్క తెల్లటి నీళ్లు కనిపిస్తే ఎంత అవసరమైనా కుండలో పోయొద్దు. నేను జేబులోని కాగితం మీద రాసుకున్నాను. ఆయన తన మాట కాగితం మీద పడడం చూసి సంతోషపడ్డాడు. పోతూ పోతూ, "నీకు గింత ఫికర్ ఉన్నదంటే దొంగవు గావు. దొంగకు ఫికర్ తక్కువుంటది," అన్నాడు.

దేవరకొండ

ఊరు ఇంకా మైలు ఉందనగా వెనక టైరు దిగిపోయింది. కుండలతో సహా సైకిల్ తోసుకుంటూ పంక్చర్ దుకాణం చేరాను. దుకాణం సాయిబు ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతుంటే, పక్కనే నేను రెండు కుండల మధ్య గొంతుక్కూర్చుని రెండు చేతులతో రెంటినీ కలుపుతున్నాను. ఆయన ఒకసారి చూశాడు, రెండుసార్లు చూశాడు. చివరికి తన పనివాళ్లను పిలవకుండా తానే పంపు కొట్టి, పావలా తీసుకుని, "జర నిమ్మలంగ పో తమ్మీ, నీ చేతులు నానిపోయినయ్," అన్నాడు. నిజమే, వేళ్లు ముడతలు పడి నాకే కొత్తగా కనిపించాయి.

ఆ సాయంత్రం రోడ్డు మీద తట్టలు, పారలు నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక కుటుంబం ఎదురైంది. పాలమూరు నుంచి సాగర్ పనికి పోతున్నారు. ఆమె చంకలో ఒక పిల్ల, వెనక ఒక పిల్ల. నా కుండలు చూసి నీళ్లు అడిగింది, తాగే నీళ్లనుకుంది. నా సీసాలోవి ఇచ్చాను. మీ ఊరి చెరువు నిండలేదా అన్నాను.

"నిండింది. కాని మాకు పొలం లేదు గద సారూ, నీళ్లు సూసుకుంట కూసుంటమా."

మా అక్కకూ పొలం లేదు. అక్క నిరుడు ఈ రోడ్డు మీదే, ఇలాగే పోయి ఉంటుంది. వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసి సైకిల్ ఎక్కాను. ఆ రాత్రి రెండుసార్లు లేవమన్న నాయిన మాట మరిచి ఆరుసార్లు లేచాను.

దిండి వాగు అవతల

అలా నిద్ర లేక, నాలుగో రోజు మధ్యాహ్నం దిండి దాటి ఒక చిన్న గొర్లవాళ్ల ఊరు చేరేసరికి నా కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి. ఊరి మొదటి ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం ఉంది. మంచం పక్కన మల్లవ్వ అనే ముసలామె సల్ల చిలుకుతోంది. కొడుకు బీరయ్య గొర్లను తోలుకుని అడవికి పోయాడని చెప్పింది. నన్ను చూడగానే కవ్వం ఆపి, జొన్నగటకలో సల్ల పోసి, ఉల్లిగడ్డ కొట్టి పెట్టింది. మా ఇంట్లో గటక అంటే జ్వరం వచ్చినవాళ్లకు. ఇక్కడ అది పండుగ భోజనమంత కమ్మగా ఉంది.

తింటూ ఒక చెయ్యి కుండలో పెట్టుకునే ఉన్నాను. తిన్నాక మంచం మీద ఒక్క క్షణం నడుము వాల్చాను. ఒక్క క్షణమే అనుకున్నాను.

లేచేసరికి నీడ చెట్టుకు అటువైపు పోయింది. కుండలు నేను పెట్టిన చోట లేవు. ఇంట్లోకి పరిగెత్తాను. చీకటి మూలన, చల్లటి అలికిన నేల మీద రెండు కుండలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మీద తడిపిన గోనెసంచి, దాని మీద బోర్లించిన గంపలు. మల్లవ్వ గడప మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను సప్పుడు చెయ్యొద్దని చేత్తో ఆపుతోంది.

"పండుకున్నయ్ బిడ్డ," అంది మెల్లగా. "నువ్వు గూడ పండుకో."

మొదటి కుండ గంప తీశాను. నీళ్ల మీద తెల్లగా పొట్టలు తేలి ఉన్నాయి. అడుగున ఏవో నాలుగైదు కదిలాయి. రెండో కుండ తీయడానికి నా చెయ్యి రాలేదు. మల్లవ్వే తీసింది. అందులో కూడా కొన్ని తేలాయి, కాని ఎక్కువ భాగం మూతి పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి, బతికి ఉన్నాయి. ఆ కుండకు ఆనుకుని తాడు తెంపుకున్న ఒక మేకపిల్ల ఒళ్లు గోక్కుంటోంది. అది గోక్కున్నప్పుడల్లా కుండ ఊగుతోంది. దాన్ని రెండుసార్లు కొట్టి కట్టేశానని, మళ్లీ వచ్చిందని మల్లవ్వ తరువాత చెప్పింది.

నాకు కోపం వచ్చింది. నా నిద్ర మీద వచ్చిందని రాస్తే బాగుంటుంది కాని, అది అబద్ధం. ఆ ముసలామె మీదే వచ్చింది. "నిన్నెవరు ముట్టుమన్నరు?" అని గట్టిగా అరిచాను. బడిలో పిల్లల మీద కూడా నేను అలా అరవలేదు.

ఆమె చేతిలోని గంపను కింద పెట్టింది. "అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని సల్లటి జాగల ఏసి, మీద గంప బోర్లించి, సప్పుడు గాకుండ సూస్తే తేరుకుంటయ్ బిడ్డ. గివి గూడ పసిపిల్లలే గద అనుకున్న," అంది.

కదలాలి, కలపాలి అని నేను చేతులతో చూపిస్తుంటే ఆమెకు అర్థమైంది. పైటకొంగు నడుముకు దోపి రెండో కుండ ముందు కూర్చుంది. సల్ల చిలికే చెయ్యి అది. అటు ఒకటి, ఇటు ఒకటి, ఆగకుండా, ఒక్క పిల్లకు కూడా తగలకుండా. నేను నాలుగు రోజులుగా కలిపింది కలపడమే కాదని అప్పుడు తెలిసింది. నేను పరుగున పోయి వాగు నీళ్లు తెచ్చాను. ఎక్కాలు చదివాను, ఎనిమిదో ఎక్కం దగ్గర రెండుసార్లు తప్పు పోయాను. పొద్దు వాలేదాకా ఆమె చెయ్యి ఆగలేదు. చచ్చినవాటిని చెట్టు మొదట్లో పూడ్చాం. పులుసు మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు బయలుదేరేటప్పుడు క్షమించమని అడగాలనుకున్నాను, అడగకుండానే సైకిల్ ఎక్కబోయాను. ఆమే నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.

"మిగిలినయ్ బతికినయో లేదో నాకెట్ల ఎరుకైతది?"

ఉత్తరం రాస్తాను, బీరయ్య చదివించుకుంటాడు అన్నాను.

"ముసల్ది బాధపడ్తదని బతికినయ్ అనే రాస్తవ్. గట్ల గాదు. మల్ల గిదే తొవ్వల వస్తవ్ గద, ఒక్కదాన్ని సూపెట్టు."

కల్వకుర్తి, పాలమూరు

ఈ రెండు రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర తక్కువ ఉంది. కల్వకుర్తిలో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టారు. మాకు రొట్టె అంటే పక్కన పెట్టుకునేది, వాళ్లకు రొట్టే అన్నం. పాలమూరులో ఒక హోటల్‌లో రేడియో మోగుతుంటే జనం గుమిగూడి ఉన్నారు, నేను మాత్రం కుండలు దాటి తల ఎత్తలేదు. మొదటి కుండలో మిగిలిన నాలుగైదింటిని కూడా రెండోదానిలో వేశాను. రెండో కుండను మల్లవ్వ కలిపినట్టు కలపడానికి ప్రయత్నించాను. అక్కకు ఏం చెప్పాలో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను, ఏదీ సరిగా కుదరలేదు.

కోస్గి దగ్గరి చెరువు

అక్క కట్ట మీదే నిలబడి ఉంది. బావ రాములు, ఇంకో ఇద్దరు ముగ్గురు చేపలవాళ్లు కూడా వచ్చారు. అందరూ ఖాళీ కుండ వైపు చూశారు. అక్క నా ముఖం వైపు చూసి, "తిన్నవా?" అంది. కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

బావ తల ఊపాడు. "మీ నాయిన తెచ్చినప్పుడు గూడ ఒక్కోపారి ఒక కుండ పోయేది. ఆయన చెప్పకపోయేది, గంతే."

నాయిన చెప్పినట్టే కుండను చెరువు నీళ్లలోకి ఒరగబెట్టి పట్టుకున్నాను. వంచి పోయకూడదు, అవే పోవాలి. చాలాసేపు ఒక్కటీ కదల్లేదు. అక్క నా పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. నేను ఎక్కాలు మొదలుపెట్టాను, అక్క కూడా పెదాలు కదిపింది. చిన్నప్పుడు నాతోపాటు విని నేర్చుకున్నదే. ఆరో ఎక్కంలో ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక మిగతావన్నీ ఒక్కసారిగా వచ్చి లోతుకు పోయాయి.

ఒడ్డెక్కాక బావ లెక్కలేమీ దాచలేదు. ఈ విత్తనంతో ఇల్లు ఏడాదంతా గడవదు. సంక్రాంతి దాటాక తానొక్కడే మూడు నెలలు సాగర్ పోతాడు, అక్కా పిల్లలూ ఇంటి దగ్గర ఉంటారు. రెండు కుండలూ చేరి ఉంటే ఆయన కూడా పోనవసరం ఉండేది కాదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క మాత్రం పిల్లలు ఉంటరు గద, బడికి పోతరు గద అని రెండుసార్లు అంది.

మర్నాడు నేను బయలుదేరుతుంటే అక్క చీరతో దేవి ఒక పిల్లను పట్టి ఖాళీ కుండలో వేసింది. "అవ్వ అడిగింది గద, తీస్కపో," అంది.

మళ్లీ దిండి వాగు దగ్గర

ఒక్క చేపపిల్ల కోసం మళ్లీ అదే మెడ తిప్పుడు, అదే ముడి విప్పుడు, అవే ఎక్కాలు. వందల పిల్లలున్నప్పటికన్నా ఒక్కటి ఉన్నప్పుడు భయం ఎక్కువని ఆ మూడు రోజుల్లో తెలుసుకున్నాను.

మధ్యాహ్నం పూటే చేరాను. మల్లవ్వ ఇంటి ముందే ఉంది. నన్ను చూసి లేచింది, నా ముఖం వైపు చూడలేదు. నేరుగా సైకిల్ దగ్గరికి వచ్చి, గుడ్డ ముడి తనే విప్పి, కుండలో చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టింది. కొంతసేపు కలిపాక అడిగింది.

"బతికినయా బిడ్డ?"

"బతికినయ్ అవ్వా. చెరువులకు పోయినయ్."

బావ సంగతి చెప్పలేదు. ఆనాడు అరిచినందుకు తప్పైందని చెప్పాను. ఆమె వినలేదో, వినిపించుకోలేదో, కుండలోకే చూస్తూ ఉంది. సాయంత్రం బీరయ్య వచ్చాక దాన్ని వాళ్ల ఊరి కుంటలో వదులుదామంది. ఎండ పోయేదాకా ఆగాలి.

"నువ్వు పోయి పండుకో," అంది. "నేనున్న గద."

అదే మంచం, అదే వేపచెట్టు నీడ. ఇల్లు వదిలినప్పటి నుంచి మొదటిసారి నేను ఏమీ లెక్కపెట్టకుండా పడుకున్నాను. లేచేసరికి నీడ చెట్టుకు అటువైపు పోయింది, ఆమె చెయ్యి ఇంకా కుండలోనే ఉంది.